నాలుగో సీసా

సీసా వెచ్చగా ఉంది. పొద్దున్నించీ గుప్పిట్లో పట్టుకు కూచుంటే ఏ సీసా అయినా వెచ్చబడుతుంది, అందులో ఉన్నదానికీ ఆ వెచ్చదనానికీ సంబంధం లేదు, అందులో ఉన్నది నీళ్లలా తేటగా, అంచున నాలుగు నురగ బుడగలతో, పసిపిల్లాడి చొంగలా ఉంది, రమణమ్మ దాన్ని కొంగు చాటున కాస్త పైకెత్తి చూసి మళ్లీ దించేసింది. తలనొప్పి మందు అయిపోయిన సీసా అది, మూడుసార్లు బూడిద వేసి తోమినా, ఉడుకునీళ్లు పోసి గిలకరించినా ఘాటు వదల్లేదు, ఇంతకుముందు తెచ్చిన మూడు సీసాలూ ఇలాంటివే, సూరమ్మత్తకి తలనొప్పులు ఎక్కువ కాబట్టి ఇంట్లో ఇంకేం కరువైనా సీసాలకి కరువు లేదు. స్టేషను వెనక ఈ దవాఖానా వరండాలో ఆడవాళ్లకో బెంచీ, మగవాళ్లకో బెంచీ, రెంటికీ మధ్య నాలుగడుగులు, అవతల బెంచీ మీద దగ్గుతూ, మూలుగుతూ, బీడీ చెవిలో పెట్టుకుని కూచున్నవాళ్లంతా బావతో, తన మొగుడితో, రైలు షెడ్డులో పనిచేసేవాళ్లే, అందుకని తలెత్తడానికి లేదు. షెడ్డులో తొమ్మిది కూత కూసే లోపల సీసా లోపలికి వెళ్లిపోవాలి, భూతద్దంలో చూసే డాక్టరు మంగళవారం ఒక్కరోజే వస్తాడు, కూత దాటిందా, మళ్లీ మంగళవారమే. తల్లీ పైడితల్లీ, ఈసారైనా కనబడనీ తల్లీ, అనుకుంది రమణమ్మ, ఉన్నదని తేలనీ, తేలిందంటే సిరిమాను పండగకి వచ్చి నీకు చీర పెడతాను. రోగం పోవాలని మొక్కుకునేవాళ్లు ఊరినిండా ఉంటారు, రోగం ఉందని తేలాలని మొక్కుకునేది ఈ రైల్వే లైన్లలో తనొక్కతే అయ్యుంటుంది, అమ్మవారికి కూడా ఇదేం మొక్కో అర్థమై ఉండదు.

కాని అమ్మవారికి అర్థం కాకపోతే ఎలా, ఆవిడా ఆడదే కదా, ఆ వేపచెట్టు కింద గట్టు మీద సూరమ్మత్త ఒళ్లో కూచుని ఆకులు ఏరి నోట్లో పెట్టుకోబోతున్న ఏడాదిన్నర గుంటడిని ఆవిడ చూడటం లేదా. సూరిబాబు. వాడికోసమే ఇదంతా. వాడు ఇటు చూస్తే చేతులు చాస్తాడు, చాస్తే ఇవ్వాలి, ఇవ్వకపోతే అత్త ఊరుకోదు, అందుకని రమణమ్మ వాడివైపు చూడకుండా తన పాదాల్ని చూసుకుంటోంది, పొద్దున రాసుకున్న పసుపు అరిపాదం పక్కన అట్టకట్టి ఉంది. అత్త తోడు వచ్చింది కోడలి మీద ప్రేమతో కాదు, చెవులారా విని తేల్చుకుపోదామని వచ్చింది, గుమ్మం దిగుతూనే అనేసింది, "ఈపాలి కూడా ఏటీ నేదంటే ఇంక నీ నాటకాలు సాగవే గుంటా, సెప్తన్నాను. గుంటడిని నీ పక్కలోనే పడుకోబెడతాను. కన్నతల్లివా, మారుతల్లివా?" నాటకాలట. వంటింట్లో వేరే చాప వేసుకోవడం నాటకం, నడుంనొప్పి అని వాడిని ఎత్తుకోకపోవడం నాటకం, వేపాకు నూరి రొమ్ములకి రాసుకోవడం అన్నిటికన్నా పెద్ద నాటకం, ఆరోజు వాడు నోరు పెట్టి, మొహం వికారంగా పెట్టి, తనకేసి ఎంత అన్యాయం చేశావే అన్నట్టు చూసి బావురుమన్నాడు, సూరమ్మత్త తడిగుడ్డ తెచ్చి తనే తుడిచేసి వాడిని మళ్లీ ఒళ్లో పడేసింది, "ఏటీ నేదని డాకటరు బాబు మూడుపాళ్లు సెప్పినాక ఇంకేటే నీకు?" అంటూ. ఏం చెప్పగలదు, చదువుకున్న డాక్టరు లేదన్నాక, ఎర్రసిరాతో కాగితం మీద లేదని రాశాక, చదువురాని తను ఉందంటే ఎవరు వింటారు.

ఉంది. రమణమ్మకి తెలుసు. దీపాలు పెట్టే వేళకి ఒంట్లోకి ఎవరో నడిచొచ్చినట్టు వస్తుంది జ్వరం, చెప్పా పెట్టా లేకుండా, అలవాటైన చుట్టంలా, తెల్లారేసరికి రవిక పిండితే నీళ్లు కారేటట్టు చెమట పోసి పోతుంది, ఇదంతా తను ఒకసారి చూసిందే, గజపతినగరం దగ్గర తమ ఊళ్లో, పైడమ్మక్క నులకమంచం పక్కన కూచుని. అక్కకి గాలి సోకిందన్నారు, కడుపులో మందు పెట్టారన్నారు, ఏవేవో కట్టారు, ఏవేవో తాగించారు, దాని అసలు పేరు మాత్రం ఎవరూ పైకి అనలేదు, అంటే ఇంటికి వచ్చేస్తుందన్నట్టు, అప్పటికే అది ఇంట్లో పీట వేసుకు కూచుంది. పైడమ్మక్క చివరి రోజుదాకా మూడేళ్ల కూతుర్ని గుండెల మీదే పడుకోబెట్టుకుంది, చచ్చిపోయేదాన్ని నాకు ఇదొక్కటేనే సుఖం అనేది, ఆ మాటకి అందరూ కళ్లు తుడుచుకున్నారు, రమణమ్మ కూడా తుడుచుకుంది, పన్నెండేళ్ల పిల్ల, తెలియక తుడుచుకుంది. అక్క దసరాకి పోయింది, ఆ గుంట ఉగాదికి పోయింది, మెడ చుట్టూ ఉండలు లేచి, తల్లి దగ్గినట్టే దగ్గి దగ్గి. ఎవరో ఒకరు ఒక్క మాట చెప్పి ఉంటే, దూరం పెట్టమ్మా అని, ఆ ఒక్క మాట. ఆ మాట తనకీ ఎవరైనా చెప్పాలని నాలుగు నెలలుగా ఈ బెంచీ మీద ఎదురుచూస్తోంది, చెప్తే అత్త నోరు మూతపడుతుంది, వాడు బతుకుతాడు, తన సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మొదటిసారి వచ్చినప్పుడు దీపావళి మందుగుండు వాసన ఇంకా గాలిలో ఉంది. అప్పుడు బావ తోడొచ్చాడు, ధమ్తరి వెళ్లే చిన్నబండి మీద ఫైర్‌మన్ అతను, సెలవు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. డాక్టరు తనకేసి చూడలేదు, బావకేసి చూసి హిందీలో అడిగాడు, ఈమెకి ఎన్నాళ్లనుంచి దగ్గు, ఈమెకి ఆకలి వేస్తుందా, ఈమెకి నెలనెలా సరిగ్గా ఉందా, బావ చెవులు ఎర్రబడ్డాయి, అతనికేం తెలుసు, రెండు వారాలయిందన్నాడు, రెండు నెలలని తను అనబోయి ఊరుకుంది, మొగుడు చెప్పినదాన్ని నలుగురి ముందు కాదంటే ఏం బాగుంటుంది. ఆ తర్వాత పరదేశి చిట్టీ చేతికిచ్చాడు, దవాఖానా జమాదారు, ఇక్కడి మనిషే, పేరుకి పరదేశి కాని ఊరు అతనిది, పరదేశులం మనం, బావ ఈ మాటే చెప్పి నవ్వించేవాడు, వెనకటికి, నవ్వినప్పుడు దగ్గు రాని రోజుల్లో. "బిహనియా కే ఖఖార్ లానా బాయి, బిహనియా కే," అన్నాడు పరదేశి, పొద్దుటి కళ్లె తెమ్మని, వేలితో సూర్యుడు లేచే దిక్కు కూడా చూపించాడు, అర్థం కాకేం, బాగానే అర్థమయింది. తెచ్చింది. లేదన్నారు. మళ్లీ తెమ్మన్నారు, తెచ్చింది, లేదన్నారు. సంక్రాంతి వెళ్లాక మూడోసారి లేదన్నప్పుడు డాక్టరు బావ భుజం తట్టి ఏదో అన్నాడు, బావ వరండాలోకి వచ్చి, "ఏటీ నేదట రమణా, నీరసమేనట, టానిక్ రాసినాడు," అన్నాడు, అంటూ తన కళ్లలోకి చూడకుండా గోడమీద దోమల బొమ్మ చూశాడు.

ఆ చూపు దగ్గర మొదలైంది అనుమానం. ఎందుకు చూడలేదు. లోపల డాక్టరు అంతసేపు ఏం చెప్పాడు, రెండు ముక్కలకి అంతసేపా, ఉందని చెప్పి ఉంటాడు, ఇక లాభం లేదని చెప్పి ఉంటాడు, బావ నాకు చెప్పలేక మింగేశాడు, అక్కకి కూడా ఇలాగే దాచారు కదా. మనసు ఒకసారి ఆ దారిన పడితే ఇంక ఆగదు, పట్టాలు తప్పిన బండి, బావ అన్నం కలుపుతూ ఆగితే అనుమానం, పిల్లాడిని ఎత్తుకుని బయటికి తీసుకెళితే అనుమానం, తీసుకెళ్లకపోతే ఇంకా అనుమానం, తెలిసి కూడా వాడిని నా పక్కన వదిలేశాడా, ఇంత కసాయివాడా నా బావ, మేనత్త కొడుకని, చిన్నప్పటినుంచి ఎరిగినవాడని కదా ఇంతదూరం, మాట తెలియని ఈ రాయపూరుకి అతని వెంట వచ్చింది. అతని చేతికి కొలిమి బొగ్గు కాలిన మచ్చలున్నాయి, ఆ చేత్తోనే తన నుదురు పట్టుకుని చూస్తాడు, తన చెయ్యి ఎప్పుడూ వేడిగానే ఉంటుంది కాబట్టి జ్వరం తెలీదంటాడు. ఆ మాట నిజమో, అబద్ధమో. ఒక మనిషి ఒంట్లో ఏం ఉందో ఆ మనిషికి తప్ప అందరికీ చెప్తారు, విన్నవాళ్లు చెప్పినంతే ఆ మనిషికి తెలుస్తుంది, ఇదెక్కడి న్యాయం, నా కళ్లె, నా గుండెలు, నా పేరు ఆ పుస్తకంలో ఉండదు కూడా, ఫైర్‌మన్ మల్లేశ్వరరావు భార్య అని రాసి ఉంటుంది. ఈ నాలుగోది తను పట్టుబడితే ఒప్పుకున్నారు, ఇదే ఆఖరుసారి అని చెప్పేశారు. ఇందులోనూ లేకపోతే పుస్తకంలో ఆ మల్లేశ్వరరావు భార్యని కూడా కొట్టేస్తారు.

దగ్గు వచ్చింది. వస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుంది, మగవాళ్ల బెంచీ మీదనుంచి బంగారయ్య గారు తల తిప్పి చూశారు, షెడ్డులో మేస్త్రీ, బావ పైవాడు, ఆయన ముందు కోడలుపిల్ల కక్కుతున్నట్టు దగ్గితే రేపు షెడ్డంతా అదే మాట, అందుకని గొంతులోకి ఎగదన్నిన దాన్ని ఎగదన్నినట్టే మింగేసింది, ఉప్పగా, చిక్కగా. అలవాటే. పొద్దుటినుంచీ ఇలా ఎన్నిసార్లు మింగిందో.

"ఏ ఊరమ్మా మీది?"

తెలుగు. ఈ వరండాలో తెలుగు వినిపిస్తే ఒక్క క్షణం ఏ భాషో తెలియలేదు. తెల్లచీర, యాభై ఏళ్లుంటాయి, మెడలో నల్లతాడుకి చిన్న శిలువ, కొత్త ఆయా అన్నమ్మ, వాల్తేరునుంచి మొన్న బదిలీ మీద వచ్చిందని కుళాయి దగ్గర చెప్పుకున్నారు. గజపతినగరం దగ్గరండి అంది రమణమ్మ, మాది భీమిలి అందావిడ, అని చెయ్యి చాపింది, సీసా కోసం. ఇచ్చింది. అన్నమ్మ దాన్ని ఎండకేసి పట్టి అటూ ఇటూ వంచింది, తేటనీళ్లు అటు జారాయి, ఇటు జారాయి, బుడగలు విడిపోయాయి. రమణమ్మ మెడ చాపి చూసింది, ఏమైనా కనిపిస్తోందా, వట్టి కంటికే కనిపించేసిందా తల్లీ.

"పొద్దుట లేచినకాడినించి ఏటి చేశావో వరసగా చెప్పమ్మా నాకు. లేచేవు. తరవాత?"

ఇదేం ప్రశ్న, అనుకుంది, ఈ నాలుగు నెలల్లో ఎవరూ అడగని ప్రశ్న, డాక్టరు అడగలేదు, పరదేశి అడగలేదు, బావకి అడగాలని తోచదు, ఆడది పొద్దుట లేచి ఏం చేస్తుందో ఎవరికి కావాలి. చెప్పింది, నేలకేసి చూస్తూ, గొంతు తగ్గించి. లేవగానే దగ్గు తెర వొచ్చీస్తాదండి, పెరట్లో కాలవకాడికి ఎలిపోతాను, అక్కడ పడతాది, పచ్చగా, ముద్దలా, ఒకోపాలి ఎర్రజీర కూడాను, ఎవరికంటా పడకుండా బూడిద పోసి కప్పీస్తాను. తరవాత ఏపపుల్ల, నాలిక గీసుకుంటాను, గోరెచ్చటి నీళ్లు ముమ్మారు పుక్కిలించీస్తాను, మొకం కడుక్కుని, బొట్టెట్టుకుని, తల దువ్వుకుని, అప్పుడు ఈ సీసా...

"కడుక్కున్నాకనా?"

"పాచినోటితో ఇస్తామేటండీ డాకటరు బాబుకి?" అంది రమణమ్మ, కాస్త రోషంగానే, ఆవిడ తనని ఎలాంటి ఇంటిదనుకుంటోందో అని. "ఎంగిలికన్నా ఈనం గదా అది. మా అత్త పాచినోటితో దేవుడికేసి కూడా సూణ్ణివ్వదు."

అన్నమ్మ నవ్వలేదు, తిట్టలేదు, తల కొట్టుకోలేదు. "మూడుపాళ్లూ ఇలాగేనా?" అంది.

"మూడుపాళ్లూ."

"మరి వాళ్లకి కావలసింది ఆ కాలవలో పోసిందేనమ్మా," అంది అన్నమ్మ నెమ్మదిగా. "ఆ పాచినోటిదే. ఏటీ కడగనిదే. పురుగు దాంట్లో ఉంటాది. ఇది ఉత్తి ఉమ్మి."

వరండా అక్కడే ఉంది, బెంచీ అక్కడే ఉంది, దూరంగా బండి డబ్బాలు ఒకదానికొకటి తగులుకున్న చప్పుడు, ధమాధమా, ఆ చివరినుంచి ఈ చివరిదాకా, అదంతా అయ్యాక గాని ఆ మాట రమణమ్మ తలకెక్కలేదు. కాలవ. బూడిద. పొయ్యిలో బూడిద చేటతో తెచ్చి, వంగి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, పిల్లి కప్పినట్టు కప్పింది, నాలుగు నెలలు, రోజూ, రోగాన్నంతా బూడిదలో పూడ్చిపెట్టి, తల దువ్వుకుని బొట్టుపెట్టుకుని ఉత్త నీళ్లు తెచ్చి సమర్పించింది, చూడండి బాబూ, నేనెంత శుభ్రమైనదాన్నో. వాళ్లు చూశారు. శుభ్రమైనదానివే అన్నారు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. డాక్టరు చెప్పలేదు, బావ చెప్పలేదు, అయ్యో బావా, నిన్నెంతమాట అనుకున్నాను, కసాయివాడన్నాను, గోడమీద దోమల బొమ్మ చూశావని, చూడకేం చేస్తావు, ఏమీ లేదని నమ్మలేక చూశావేమో, నీకూ భయమేనేమో. అబద్ధం నేను చెప్పాను, నోరు కడుక్కుని మరీ చెప్పాను. ఆ కాగితం చూసి అత్త వాడిని నా ఒళ్లో పడేసింది, నా పక్కలో పడుకోబెట్టింది, ఆ కాగితం రాయించింది నేను. అమ్మ నేర్పిన శుభ్రం, అత్త నేర్పిన శుభ్రం, ఆడపిల్ల పాచినోటితో గడప దాటితే లక్ష్మి లేచిపోతుందన్నారు, లక్ష్మి సంగతి దేవుడెరుగు, నాలుగు నెలలు వాడు నా ఊపిరి పీల్చాడు, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, బిహనియా అంటే మొహం కడగకముందు అని చెప్పి ఉంటే, ఒక్క ముక్క, వాళ్లకి చెప్పాలని తోచలేదు, వాళ్లకి అది తెలిసిన సంగతి, తెలిసిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. దేవుడా. కూత ఎప్పుడు. కూతకి ఎంతసేపుంది.

"అరగంట ఉంది," అంది అన్నమ్మ, తను పైకి అడిగిందని రమణమ్మకి తెలియనే లేదు. "ఇప్పుడు తియ్యొచ్చు. పొద్దుటిదంత చిక్కగా రాకపోయినా లోతునించి వస్తే చాలు. దగ్గు."

దగ్గాలి. ఇంతకాలం పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, గుళ్లో, కుళాయి దగ్గర, బావ పక్కన, నలుగురిలో పరువు తీసిన దగ్గు, రమ్మని పిలిస్తే మొహం చాటేసింది. కళ్లు మూసుకుంది, గొంతు సవరించుకుంది, ఖంగుమని చిన్న చప్పుడు, బంగారయ్య గారు మళ్లీ చూశారు, అంతే, ఇంకేం రాలేదు. ఒళ్లంతా సిగ్గు. చచ్చిపోయే ముందు కూడా సిగ్గు వదలదా మనిషిని, పైడమ్మక్క కూడా చివరి రోజు ఊళ్లోవాళ్లు చూడవచ్చినప్పుడు పైట సర్దుకుంది. వేపచెట్టు కిందనుంచి అత్త చూస్తోంది, ఏమిటా మంతనాలు అన్నట్టు. కూచున్నచోటే ప్రాణం పోతుందేమో అనిపించింది, పోయినా బాగుండు, కాని పోతే కాగితం మీద లేదనే ఉంటుంది, లేదనే నమ్ముతారు, వాడికి ఇప్పటికే అంటుకుని ఉంటే దాన్నీ ఎవరూ వెతకరు.

అన్నమ్మ ఆమె రెక్క పట్టుకుని లేపింది. వరండా చివర మెట్లు దిగి, దవాఖానా వెనక గోడవారగా, బట్టలు ఆరేసిన తీగ దగ్గరికి తీసుకెళ్లింది, ఎండా గాలీ తగిలేచోట, తీగమీది తెల్లటి దుప్పటి లాగి అడ్డం చేసింది. ఇక్కడ నువ్వూ నేనూ ఆ కాకీ, ఇంకెవరూ లేరంది. గుండెల్నిండా పీల్చు, ఆపు, వదులు, మళ్లీ పీల్చు, ఇంకా లోపలినుంచి, కడుపు అడుగునించి, అంటూ చెయ్యి వీపు మీద వేసి, దోసిలి బోర్లించినట్టు పెట్టి మెల్లగా తట్టింది, సూరిబాబుకి తను తట్టినట్టు. ఎవరైనా తన వీపు మీద చెయ్యి వేసి ఎన్నాళ్లయిందో. రమణమ్మ పీల్చింది, అక్కని తలుచుకుంది, అక్క కూతురి మెడ చుట్టూ లేచిన ఉండల్ని తలుచుకుంది, రావే, రా, నాలుగు నెలలు నిన్ను దాచాను, మింగాను, బూడిద కప్పాను, ఇంక దాచను, రా. వచ్చింది. ఎక్కడో నడుం దగ్గర మొదలై పక్కటెముకలు పీక్కుంటూ, కళ్లలోంచి ముక్కులోంచి నీళ్లు తోసుకుంటూ, మోకాళ్లు నేలకి తగిలేటట్టు వంగదీసి మరీ వచ్చింది, ఒకసారి కాదు, మూడు సార్లు. అన్నమ్మ పట్టుకున్న కొత్త సీసాలో, మూతివెడల్పు దవాఖానా సీసాలో పడింది, చిక్కగా, పచ్చగా, దారంలా ఒక ఎర్రజీరతో.

గోడకి ఆనుకుని రమణమ్మ ఆ సీసా వంక చూసింది. రోత పుట్టాలి. పుట్టలేదు. చెప్పుకుంటే నవ్వుతారు కాని, ఎక్కడో పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టయింది, ఇదిగో, నేను అబద్ధమాడలేదు, నాటకం ఆడలేదు. మరుక్షణమే ఆ దొరికిందేమిటో తెలిసింది, ఇరవై నాలుగేళ్లు తనకి, పెండ్రా కొండల్లో ఎక్కడో ఈ రోగంవాళ్లని ఉంచే శానిటోరియం ఉందంటారు, అక్కడికి పంపుతారో, పంపితే తిరిగి వస్తారో, సూదులు ఏవో కొత్తవి వచ్చాయంటారు, అందుతాయో లేదో. అన్నమ్మ మూత బిగించి, చిట్టీ అంటించి, పెన్సిలు తీసింది.

"పేరు?"

"ఫైర్‌మన్ మల్లేశ్వర్రావు గారి..."

"నీ పేరమ్మా."

"రమణమ్మ."

రాసింది. "ఫలితం ఎవరికి చెప్పమంటావు?" అంది. అదొక ప్రశ్న, అది అడగవచ్చని, దానికి జవాబు తన దగ్గర ఉంటుందని రమణమ్మకి ఇప్పటిదాకా తెలియదు. "నాకే సెప్పండి," అంది. "ఎంత సెడ్డదైనా నాకే సెప్పండి. మా బావకి నాను సెప్పుకుంటాను." ఆ తర్వాత అడిగింది, ఆ పుస్తకంలో ముందు మూడుసార్లూ ఏం రాసుందో చదివి చెప్పమని. అన్నమ్మ లోపలికి వెళ్లి సీసా ఇచ్చి, చూసి వచ్చి చెప్పింది. మూడుసార్లూ లేదనే ఉందట. సరే. బావ నిజమే చెప్పాడు. ఆ ఒక్కటీ చాలు అనుకుంది, చాలదు గాని, ప్రస్తుతానికి చాలు. అప్పుడు కూసింది తొమ్మిది కూత.

వేపచెట్టు దగ్గరికి నడిచింది, పది అడుగుల దూరంలో ఆగిపోయింది. సూరమ్మత్త ఆమె మొహం చూసింది, తడిసిన కళ్లు, పైట అంచున చిన్న ఎర్రమరక. చూసి, పిల్లాడిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పైడమ్మ అత్తకి కూడా మేనకోడలే కదా, రాయపూరునుంచి బండెక్కి వెళ్లేసరికి పాడె కూడా కట్టేశారని ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చిందో, లేదు లేదు అని ఇన్నాళ్లూ అంతగా అరిచింది అందుకేనేమో, ఆ పేరు ఇంట్లో రెండోసారి వినలేక.

"అత్తా, ఆణ్ణి తీసుకుని ఇంటికెళిపో," అంది రమణమ్మ. అత్తతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. "ఫలితం సాయంత్రం సెప్తారట. సెప్పినా సెప్పకపోయినా ఇంక ఆణ్ణి నాకాడికి రానీకు. నాను ఏడ్చినా ఇవ్వకు. ఆడు ఏడ్చినా ఇవ్వకు."

"అలాగేనే," అంది సూరమ్మత్త. అంతే అంది.

వాడికేం తెలుసు, అమ్మ వచ్చింది, వాడు రెండు చేతులూ చాపి ముందుకి ఉరికాడు, అత్త నడుం దగ్గర బిగించి పట్టుకుంది, ఉరికి ఉరికి, ఇదేదో ఆట కాదని తెలిసి, మొహం ఎర్రబడి, ఏడుపు ఎత్తుకున్నాడు. రమణమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని ఒక చేత్తో రెండో చెయ్యి మణికట్టు పట్టుకుంది, దొంగని పట్టుకున్నట్టు. చేతుల్ని ఆపగలిగింది గాని పాలని ఆపలేకపోయింది, వాడి ఏడుపు వినగానే రొమ్ములు సలిపి రవిక తడిసిపోయింది, వేపాకుకి లొంగని పాలు. అత్త వాడిని భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా, పట్టాల పక్క దారిన నడిచింది, వాడు భుజంమీదనుంచి ఇటే చూస్తూ, చెయ్యి చాచే ఉంచి, ఏడుస్తూ, బొగ్గు కుప్ప దాటారు, కేబిన్ దాటారు, ఏడుపు చిన్నదవుతోంది, రమణమ్మ దాన్ని చెవుల్తో పట్టుకుని వదలకుండా వింటోంది, ఏడుపైతే ఫర్వాలేదు, ఎంతైనా ఏడవనీ, నీళ్ల ట్యాంకు మలుపు తిరుగుతుండగా ఏడుపు ఒక్కసారి తెగింది, తెగినచోట వాడు దగ్గాడు.

ఏడిచే పిల్లలు దగ్గుతారు. పొరబోతుంది. అందరి పిల్లలకీ అవుతుంది. రమణమ్మ ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు, వెనకనుంచి అన్నమ్మ వచ్చి వరండాలోకి తీసుకెళ్లి బెంచీ మీద కూచోబెట్టింది, అప్పుడు అడిగింది రమణమ్మ, తన గొంతు తనకే వినపడనంత మెల్లగా.

"పిల్లలు ఉమ్మలేరు గదండీ. ఏదొచ్చినా మింగీస్తారు. మరి ఆడికెలా సూస్తారు?"

లోపలినుంచి పరదేశి ఎవరినో పిలుస్తున్నాడు, బహుశా అన్నమ్మనే, ఆవిడ వెళ్లలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆ బెంచీ మీద రమణమ్మ పక్కనే కూచుంది. ఈ నాలుగు నెలల్లో ఆ దవాఖానా మనిషి ఒకరు తన పక్కన కూచోవడం అదే మొదలు.

"చెప్తాను," అంది. "అంతా చెప్తాను. విను."

రమణమ్మ విన్నది.